మంగళగౌరికి తాఖీదు

మా పురపాలక సంఘం వారికి పర్యావరణం మీద ప్రేమ పుట్టింది ఒక రవికల గుడ్డ వల్ల. చెబితే పొరుగూరి వాళ్లు నమ్మడం లేదు గనక మొదటి నుంచీ చెబుతాను.

మా కమిషనరు విఠలేశ్వర్ గారు కొత్తిల్లు కట్టుకుని గృహప్రవేశం చేశారు. నాది బజారు వీధిలో పచారీ కొట్టు. ఊళ్లో ఎవరింట శుభకార్యమైనా పసుపు, కుంకుమ, వక్కలు నా కొట్టు నుంచే వెళతాయి. వాటి వెనకే నేనూ వెళతాను. ఆ రోజు ఆయనకు వచ్చిన గోడ గడియారాలన్నీ తగిలించాలంటే గోడల కోసం మరో ఇల్లు కట్టుకోవాలి. వాటికి చుట్టిన తళుకు కాగితాలు వీధి మలుపు దాకా ఎగిరాయి. మర్నాడు ఆవులు వాటిని నములుతూ నిలబడ్డాయి.

ఆయన భార్య అనసూయాదేవి గారు వచ్చినవన్నీ సర్దుతుంటే ఒక ఆకుపచ్చ రవికల గుడ్డ కనబడింది. దాని మూల పసుపు మరక ఉంది. ఆ మరకను ఆవిడ వెంటనే గుర్తుపట్టారు, ఎందుకంటే అది ఆవిడ వేలిముద్రే. వెనకటి శ్రావణంలో తను ఎవరికో పెట్టిన గుడ్డ ఊరంతా తిరిగి తన గడపకే వచ్చింది.

"నేను పెట్టిందే నాకు పెడతారా! నా మొహాన కొట్టినట్టు!" అని ఆవిడ మండిపడ్డారు.

కమిషనరు గారు మాత్రం గుడ్డను రెండు చేతులతో ఎత్తి వెలుతురుకు పట్టి చూశారట.

"ఏడాది పాటు ఎన్ని చేతులు మారింది! ఒక్కరూ కుట్టించుకోలేదు. చిరగలేదు. వెలవలేదు. చెత్తబండి ఎక్కలేదు. ఇది గుడ్డ కాదు దేవీ, విధానం" అన్నారట.

పేరంటాల్లో చేతిలో పెట్టే పెట్టుబడి గుడ్డ సంగతి ఆడవాళ్లకు తెలుసు. అది ఎవరి ఒంటికీ చాలదు. చాలదు గనకే తిరుగుతుంది. ఈ మాట ఆయనకు చెప్పే ధైర్యం ఇంట్లో వంటమనిషికి ఉండి ఉంటే మా ఊరికి ఇంత కథ లేదు.

తరవాతి వారం పురపాలక సమావేశ మందిరంలో సభ పెట్టారు. వేదిక వెనక ఆ చివర నుంచి ఈ చివర దాకా ప్లాస్టిక్ ఫ్లెక్సీ కట్టి, దాని మీద 'ప్లాస్టిక్ వద్దు' అని రాయించారు. వచ్చిన పెద్దలందరికీ శాలువలు కప్పి, తళతళలాడే ప్లాస్టిక్ కవరులో చుట్టిన పూలగుత్తులు ఇచ్చారు. అప్పుడు కమిషనరు గారు లేచారు.

"వినియోగమే వ్యర్థమునకు మూలకారణం. వినియోగమును అరికట్టిన నాడు వ్యర్థము దానంతటదే నశించును. కావున హరిత బహుమాన విధానమును ఇందుమూలముగా అమలులోకి తెస్తున్నాము. ఇకపై మన పట్టణ పరిధిలో బహుమానముగా ఇవ్వబడిన ఏ వస్తువునూ గ్రహీత వాడరాదు. వాడక, చెడనీయక, ఒక పక్షము లోపల మరొకరికి బహూకరించవలెను. అతిక్రమించిన వారి వస్తువు స్వాధీనము చేసుకొనబడును, కుళాయి నిలిపివేయబడును."

చప్పట్లు మోగాయి. కొత్తవి కొనక్కర్లేదన్న మాట ఒక్కటే చాలామందికి చెవిన పడింది. నిజం చెప్పాలంటే నాకూ మొదట బాగానే అనిపించింది. ఆ తళుకు కాగితాలు ఆవు కడుపులోకి పోవడం ఏ పుణ్యాత్ముడికి ఇష్టం? కానీ మనసులో ఒక చిన్న ముల్లు గుచ్చుకుంది. లేచి నిలబడ్డాను.

"అయ్యా, నేను పెద్ద చదువులు చదువుకున్నవాణ్ణి కాదు. ఒకరికి ఒక వస్తువు ఇచ్చేది వాళ్లు వాడుకోవాలనే కదండీ?"

"శెట్టిగారూ, అది వినియోగదారీ మనస్తత్వం" అన్నారు కమిషనరు గారు జాలిగా.

"ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెడితే..."

"తినడమనేది తుది వినియోగం. దాని మీద ఉపసంఘం వేస్తున్నాం. కూర్చోండి."

కూర్చున్నాను.

అంతవరకు దోమల మందు కొట్టించే పెరుమాళ్లును బహుమాన చలామణి అధికారిగా నియమించారు. పెరుమాళ్లు చెడ్డవాడు కాడు. దోమలనైనా నిబంధన ప్రకారమే చంపేవాడు. అతని చేతికి ఒక ట్యాబ్ ఇచ్చి, ప్రతి బహుమానానికీ తగిలించడానికి సంచెడు బిళ్లలు ఇచ్చారు. అవి ప్లాస్టిక్‌వి. కాగితం బిళ్లలైతే చెట్లు కొట్టాలి కదా అన్నారు.

ఆషాఢం వానలకు విధానం ఎంత గట్టిదో తెలిసింది. పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారికి శిష్యులు గొడుగు ఇచ్చారు. ఆయన జోరువానలో ఆ గొడుగును మూసి, తడవకుండా కండువాలో చుట్టి, గుండెకు హత్తుకుని నా కొట్టు ముందు నుంచి వెళుతున్నాడు.

"మాస్టారూ, గొడుగు తెరవండి!" అన్నాను.

"తెరిస్తే వాడినట్టట నాయనా. నేను తడిసినా ఆరతాను. గొడుగు తడిస్తే మాత్రం కుళాయి కట్టేస్తారు" అని తుమ్ముకుంటూ వెళ్లిపోయాడు.

గడియారాలు నడవకుండా బ్యాటరీలు తీసేశారు. టైము చూసుకోవడం వాడకం కిందికి వస్తుందని పెరుమాళ్లు తేల్చాడు. మా ఎదురింటి పిల్లకు పుట్టినరోజుకు వచ్చిన బొమ్మను పెట్టెలోంచి తీయకుండా పక్షం రోజులు చూపించి, ఎత్తుకెళ్లి పక్క వీధి పిల్లకు చూపించారు. పిల్లలిద్దరూ సమానంగా ఏడ్చారు. ఆ నెల నివేదికలో దాన్ని 'సమాన పంపిణీ' అని రాశారని విన్నాను.

శ్రావణం వచ్చేసరికి వాయనాల వంతు వచ్చింది. నానబెట్టిన శనగలు తినరాదు, ముందుకు పంపాలి. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తిరిగి తిరిగి శనగలకు మొలకలు వచ్చాయి. ఆ తరవాత వాసన వచ్చింది. పెరుమాళ్లు ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చి, మొలకలను జాగ్రత్తగా చూసి, "ఇవి ఇప్పుడు మొక్కల పరిధిలోకి వస్తాయి" అని ట్యాబ్‌లో ఎక్కించుకున్నాడు. ఆ ఏడు మా పట్టణంలో లక్ష్యానికి మించి మొక్కలు నాటినట్టు లెక్క తేలింది. వాసన భరించలేక ఉపసంఘం వారు తినే వస్తువులను విధానం నుంచి తప్పించారు. నా కొట్టులో శనగలు మళ్లీ అమ్ముడుపోయాయి. దేవుడి దయ.

ఇంతవరకు ఊరి గోల. ఇక్కడి నుంచి మా ఇంటి గోల.

మా అమ్మాయి హైమకు పెళ్లయిన ఏడాది నుంచీ శ్రావణ మంగళవారం నోము పట్టించింది మా ఆవిడ సీతారావమ్మ. ఐదేళ్లు నిండాయి. ఉద్యాపన చేయాలి. అంటే పెళ్లిపీటల మీద ఉన్న పెళ్లికూతురికి అరిసెలు, రవికల గుడ్డ, వెండి మెట్టెలు వాయనం ఇవ్వాలి. ఆ పెళ్లికూతురు వాటిని తొడుక్కుని కాపరానికి వెళితే నోము నిండినట్టు. మా ఇంటికి రోజూ పూలు తెచ్చే కోటమ్మ కూతురు ఈశ్వరికి శ్రావణం మొదట్లోనే పెళ్లి కుదిరింది.

"మెట్టెలు మీరు పెడతారంటే నేను వేరే చేయించను సీతమ్మగారూ. మీ హైమమ్మ చేత్తో ఇస్తే నా బిడ్డ కాపరం చల్లగుంటది" అంది కోటమ్మ.

విధానం పుట్టకముందే చేయించిన మెట్టెలు గనక వాటిని 'పాత నిల్వ'గా పెరుమాళ్లు ఒప్పుకున్నాడు. వాటికి ఒక్కో బిళ్ల తగిలించాడు. బిళ్ల మెట్టె కంటే పెద్దది. అయితే తొడుక్కోవడానికి మాత్రం వీల్లేదన్నాడు.

"తొడుక్కోని మెట్టెలు ఎందుకయ్యా?" అంది సీతారావమ్మ.

"ముందుకు పంపడానికమ్మా."

"ముందుకు ఎక్కడికి? ఆఖరికి ఎవరో ఒకరు తొడుక్కోవాలిగా?"

"ఆఖరు అనేది ఈ విధానంలో లేదమ్మా" అన్నాడు పెరుమాళ్లు.

నేను కమిషనరు గారి దగ్గరికి వెళ్లాను. చేతులు కట్టుకుని నా గోడు చెప్పాను. దానం ఇచ్చాక వెనక్కి చూడకూడదని మా అమ్మ చెప్పేదనీ, ఇచ్చిన వస్తువు ఎక్కడ ఉందో వెతకడం మొదలుపెడితే అది అప్పు అవుతుంది గానీ దానం కాదనీ అన్నాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. ఆయన టేబులు మీద మూడు పూలగుత్తులు ప్లాస్టిక్ కవర్లలోనే వాడిపోతున్నాయి.

"మీ మనోభావాలను గౌరవిస్తున్నాం. మధ్యేమార్గం ఒకటుంది. సదరు పెళ్లికూతురి కాలి వేళ్లను తాత్కాలిక నిల్వ స్థలంగా పరిగణించవచ్చు. పక్షం రోజుల పాటు అక్కడ ఉంచుకోనీయండి. తరవాత తదుపరి గ్రహీతకు చేరవేయాలి. లేనిచో స్వాధీనం తప్పదు. అరుగుదల, అచ్చు లాంటి వాడిన గుర్తులు ఉండరాదు."

"పెళ్లయిన పిల్ల పక్షం తిరక్కుండా మెట్టెలు తీసేయడం అశుభం కదండీ?"

"అశుభం అనే పదం విధానంలో నిర్వచించబడలేదు" అన్నారు ఆయన, తరవాతి వారిని పిలుస్తూ.

ఈ మాట నేను పెళ్లి ఇంట్లో చెప్పేసరికి కోటమ్మ చేతిలో పూలబుట్ట కింద పెట్టేసింది.

"ఏందీ? నా కూతురి కాలివేలు వాళ్లకి గిడ్డంగి అయిందా? రేపు ముక్కుపుడక పెడితే ముక్కుని గోడౌన్ అంటారా శెట్టిగారూ?"

పెళ్లి ముచ్చటగా జరిగింది. హైమ వాయనం ఇచ్చింది. పెళ్లికొడుకు సన్నికల్లు మీద పిల్ల పాదం పెట్టించి మెట్టెలు తొడుగుతుండగా పెరుమాళ్లు ట్యాబ్‌తో మండపంలోకి వచ్చాడు. చెప్పులు బయటే విడిచి, అక్షింతలు వేసి, ఆ తరవాతే పని మొదలుపెట్టాడు. చెడ్డవాడు కాడని అన్నానుగా.

"బిళ్లలు ఏవమ్మా?"

"అవుంటే వేలు దూరదు. తీసి ఆ పళ్లెంలో పెట్టాం" అంది కోటమ్మ. "అరిసెలు కూడా చూస్తావా? అవి మా వియ్యాలవారి పొట్టల్లో ఉన్నయి. ఒక్కొక్కరినే పిలవమంటావా?"

"తినే వస్తువులు విధానంలో లేవమ్మా" అన్నాడు పెరుమాళ్లు. అతనికి నవ్వు రాలేదు. పిల్ల పాదాలు ఫొటో తీసి, ప్రాంతం ఎక్కించి, పక్షం తరవాత వస్తానని చెప్పి వెళ్లాడు. వెళుతూ వెళుతూ రెండు అరిసెలు తిన్నాడు.

ఆ పక్షం రోజులూ ఈశ్వరి మొహంలో పెళ్లికళ లేదు. కాపరం మా ఊళ్లోనే. అత్తగారు పాతకాలపు మనిషి. 'మెట్టెలు తీస్తే మా అబ్బాయికి కీడు. పోనీ వేరేవి తొడిగిద్దామంటే, కాపరానికి తెచ్చుకున్న జత మారిస్తే మాట పడాల్సింది మనమే' అని రోజూ అంటోందట. మా ఆవిడ బాధ ఇంకోటి. ఇచ్చిన వాయనం వెనక్కి వస్తే హైమ నోము ఏమవుతుంది? సీతారావమ్మ రాత్రీ పగలూ అదే తలుచుకుంటూ దీపారాధన వేళకు కూడా పరధ్యానంగా ఉండేది.

ఆ గడువు సరిగ్గా మంగళవారం నాడు తీరింది. కొత్త పెళ్లికూతురు కదా, ఈశ్వరి చేత మా ఇంట్లోనే మొదటి ఏటి నోము పట్టించింది సీతారావమ్మ. పసుపు గౌరమ్మను చేసి పీట మీద నిలిపారు. కథ అయింది, అక్షింతలు పడ్డాయి. పేరంటాళ్లు వాయనాలకు కూర్చున్నారు. అప్పుడు వచ్చాడు పెరుమాళ్లు.

"గడువు తీరిందమ్మా. మెట్టెలు ఇప్పించండి. గ్రహీతకు మీరే ఇస్తారా, నేను స్వాధీనం చేసుకోనా?"

ఈశ్వరి పాదాలను చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది. సీతారావమ్మ కొంగు బొడ్డులో దోపుకుని ముందుకు వచ్చింది.

"నాయనా పెరుమాళ్లూ, ఇవి చేయి మారితే చాలా?"

"చాలమ్మా."

"కాలు మారకపోయినా?"

పెరుమాళ్లు ట్యాబ్‌లో నిబంధనలన్నీ పైకీ కిందికీ జరిపి చూశాడు. "కాలు ప్రస్తావన ఎక్కడా లేదమ్మా."

"అయితే చూడు" అని మా ఆవిడ ఈశ్వరి ఎదురుగా పీట వేసుకు కూర్చుంది. కొంగు పట్టింది. ఈశ్వరి వంగి, మెట్టెల మీద చేయి వేసి, ఆ చేతిని మా ఆవిడ కొంగులో పెట్టింది.

"ఇస్తినమ్మ వాయనం" అంది ఈశ్వరి.

"పుచ్చుకుంటినమ్మ వాయనం" అంది సీతారావమ్మ.

"నా వాయనం అందుకున్నది ఎవరు?"

"నేనే మంగళగౌరిని!"

"కోరితిని వరం."

"ఇస్తిని వరం."

తరతరాలుగా ప్రతి ఇంట్లో అనుకునే మాటలే. వాయనం అందుకునేటప్పుడు ఏ ఇంటి ఇల్లాలైనా ఆ క్షణానికి గౌరీదేవే. కానీ ఇంతవరకు ఆ మాటలను ట్యాబ్‌లోకి ఎక్కించినవాడు లేడు. పెరుమాళ్లు ఎక్కించాడు.

"గ్రహీత పేరు... మంగళగౌరి."

నేను పక్కనే ఉన్నాను. "బాబూ, ఆవిడ సీతారావమ్మ. నీకు తెలుసుగా. మొన్న నీకు మజ్జిగ ఇచ్చింది."

"నాకు తెలుసు బాబాయిగారూ. కానీ నాకు తెలిసింది నమోదు చేయడానికి అధికారం లేదు. గ్రహీత స్వయంగా చెప్పిన పేరే నమోదు చేయాలి. అమ్మా, భర్త పేరు?"

సీతారావమ్మ నా వైపు చూడనైనా చూడలేదు. "శంకరుడు" అంది.

"నివాసం?"

"కైలాసం" అన్నారు పేరంటాళ్లందరూ ఒకేసారి.

"కాపరం స్మశానంలో కూడా ఉంది నాయనా, అది రాయబాక. మళ్లీ ఆడికి పోతావు" అంది కోటమ్మ.

పెరుమాళ్లు నొక్కాల్సినవి నొక్కాడు. ట్యాబ్ ఆకుపచ్చగా వెలిగింది. ఈశ్వరి మెట్టెలు చేయి మారి కైలాసంలో ఉన్న మంగళగౌరి గారికి చేరినట్టు నమోదైంది. ఈశ్వరి కాళ్ల మీద ఉన్నవి ఇక ఆ మెట్టెలు కావు. ఉన్నా లేనట్టే. అతను వాటి వైపు చూసి, "ఇక్కడ ఏమీ లేదు" అని తనకు తనే చెప్పుకుని వెళ్లిపోయాడు.

ఈ సంగతి మర్నాడు తెల్లవారేసరికి ఊరంతా తెలిసింది. ఆ మిగిలిన శ్రావణంలో మా ఊళ్లో ఏ వస్తువు చేతులు మారినా అందుకున్నది మంగళగౌరే. చీరలు, గిన్నెలు, కుక్కర్లు, కుర్చీలు. లెక్కల మాస్టారు కూడా, చేతులు మారి తన దగ్గరికే తిరిగొచ్చిన గొడుగును భార్య చేత వాయనం ఇప్పించి, మళ్లీ వాన పడ్డప్పుడు దాన్ని నెత్తి మీద తెరుచుకుని దర్జాగా నడిచాడు. ఎదురింటి పిల్ల బొమ్మ పక్క వీధి నుంచి తిరిగొచ్చి, పెట్టెలోంచి బయటికి వచ్చింది. మూడో రోజుకే దాని చెయ్యి ఊడింది. ఆ పిల్ల ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

దసరా వెళ్లాక పురపాలక కార్యాలయంలో కలకలం పుట్టింది. ట్యాబ్‌లోంచి తీసిన నివేదిక చూసి కమిషనరు గారు నిర్ఘాంతపోయారు. ఊరి బహుమానాలన్నీ ఒకే ఒక్క స్త్రీ దగ్గర పోగుపడ్డాయి. పుచ్చుకోవడమే గానీ ఆవిడ ముందుకు పంపిన వస్తువు ఒక్కటీ లేదు.

"ఎవరీ మంగళగౌరి? ఇంత అత్యాశ గల మనిషిని నా ఉద్యోగ జీవితంలో చూడలేదు!" అన్నారట.

తాఖీదు బయలుదేరింది. దాని నకలు నా కొట్టు గోడకు కూడా అంటించారు. 'శ్రీమతి మంగళగౌరి, భర్త శంకరుడు, నివాసం కైలాసం, వారికి తెలియజేయడమేమనగా, తమరు చలామణిలో ఉంచవలసిన వస్తువులను అక్రమముగా నిల్వ చేసినట్లు మా దృష్టికి వచ్చినది. కావున విచారణకు స్వయముగా హాజరై, సదరు వస్తువులను చూపవలెను. లేనిచో ఇంటింటి సోదా జరిపి, ఎక్కడ దొరికిన అక్కడ స్వాధీనము చేసుకొనబడును.'

నేను ఆ కాగితం చదివి చెంపలు వేసుకున్నాను. తల్లీ, నీకు కూడా పేషీ తప్పలేదు.

ఆఖరి వాక్యం చదివాక ఈశ్వరికి భయం పట్టుకుంది. పూలు ఇవ్వడానికి అమ్మతో వచ్చినప్పుడు చీర అంచు నేల మీద రాసేలా దించి కట్టుకుని వచ్చింది.

"పిన్నిగారూ, సోదాకి వస్తే నా కాళ్లే ముందు చూస్తారండీ" అంది మా ఆవిడతో.

"మనం ఇచ్చింది ఎవరికే? అమ్మకి. అమ్మ చూసుకుంటుంది. నువ్వు కుచ్చిళ్లు పైకి కట్టు, తట్టుకు పడతావు" అంది సీతారావమ్మ. మాట గట్టిగానే అంది గానీ, ఆ సాయంత్రం దీపం దగ్గర మామూలు కంటే చాలాసేపు కూర్చుంది.

విచారణ రోజున ఊరు ఊరంతా కార్యాలయం ముందుకు చేరింది. బంట్రోతు వాకిట్లోకి వచ్చి, "మంగళగౌరీ... మంగళగౌరీ... మంగళగౌరీ..." అని మూడుసార్లు పిలిచాడు. ముసలివాళ్లు కొందరు అలవాటుగా దణ్ణం పెట్టారు. ఎవరూ లోపలికి వెళ్లలేదు. పెరుమాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నీకు ఆవిడ తెలుసా?" అని అడిగారు కమిషనరు గారు.

"రోజూ మొక్కుతానండి."

"నేను అడిగింది ఆ సంగతి కాదు. నమోదు చేసింది నువ్వే కదా? కనిపించిందా, లేదా?"

"ప్రతి ఇంట్లోనూ కనిపించిందండి. ప్రతిసారీ వేరే మొహంతో ఉందండి."

"మారువేషం!" అన్నారు కమిషనరు గారు. పక్కనున్న గుమాస్తా దాన్ని కూడా రాసుకున్నాడు.

నేను ఉండబట్టలేక కిటికీలోంచి అన్నాను. "అయ్యా, ఆవిడ దేవతండీ. పార్వతీదేవి."

"విచారణలో ఉన్న వ్యక్తి హోదా గురించి బయటివారు మాట్లాడరాదు" అన్నారాయన.

మంగళగౌరి హాజరు కాలేదు గనక ఏకపక్షంగా తీర్పు చెప్పారు. ముందు ఆమె నివాసానికి కుళాయి నిలిపివేయాలి. అప్పటికీ లొంగకపోతే సోమవారం నుంచి సోదాలు. కైలాసం ఎక్కడుందని పటం తీసి వెతికారు. ఊరి దక్షిణాన కైలాసనాథస్వామి గుడి కనబడింది. పెరుమాళ్లు సెలవైనా ఆదివారం సాయంత్రం రెంచి పట్టుకుని వెళ్లి, గుళ్లో స్వామికి దణ్ణం పెట్టుకుని, తీర్థం పుచ్చుకుని, బయటికి వచ్చి కుళాయి కట్టేశాడు.

గంగను నెత్తిన పెట్టుకున్నవాడికి పురపాలక సంఘం వారు నీళ్లు ఆపారు. ఇంతటి పని భగీరథుడి కాలం నుంచీ ఎవరూ చేయలేదు.

మర్నాడు కార్తీక సోమవారం. ఆ సంగతి పంచాంగంలో ఉంది గానీ విధానంలో లేదు. తెల్లవారుజామునే అనసూయాదేవి గారు తడిబట్టలతో, వెండి చెంబుతో అభిషేకానికి గుడికి వెళ్లారు. కుళాయి తిప్పితే గాలి వచ్చింది. పూజారి గోడకున్న తాఖీదు చూపించాడు. ఆవిడ నిలబడే మొత్తం చదివారట. చదివి, ఖాళీ చెంబుతోనే ఇంటికి వెళ్లారు.

లోపల ఏం జరిగిందో నేను చూడలేదు. ఆ ఇంటికి పాలు పోసే మనిషి నా కొట్టుకు వచ్చి చెప్పింది ఇదీ.

"ఎవరండీ ఈ మంగళగౌరి అని అడుగుతున్నారట మీరు" అందట ఆవిడ.

"అవును. దాని వెనక పెద్ద ముఠా ఉంది. సోదాలు పెడుతున్నాను."

"ఈ ఇంటి నుంచే మొదలుపెట్టండి. మొన్న శ్రావణంలో పొరుగావిడ ఇచ్చిన వాయనం అందుకుని 'నేనే మంగళగౌరిని' అన్నది నేనే. నన్ను పేషీకి ఎప్పుడు రమ్మంటారు? నా మెడలో ఉన్నది కూడా మీరు ఇచ్చిందే. పక్షం దాటి పాతికేళ్లయింది. అది ఎవరికి పంపమంటారో అదీ చెప్పండి."

కమిషనరు గారు కుర్చీలో కూలబడ్డారట. ఆ రోజు ఆయన కాఫీ కూడా తుది వినియోగం కాలేదు. గోడకు తగిలించిన గడియారాలన్నీ ఆగిపోయి ఉన్నాయి గనక ఎంతసేపు అలా కూర్చున్నదీ ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నానికి సవరణ ఉత్తర్వు వచ్చింది. తప్పు జరిగిందని అందులో ఎక్కడా లేదు. 'శ్రీమతి మంగళగౌరి వద్ద ఉన్న సమస్త వస్తువులు శాశ్వత చలామణిలో ఉన్నట్లు భావించబడును. వాటిపై ఎట్టి విచారణ, సోదా జరపరాదు' అని ఉంది. గుడికి కుళాయి వచ్చింది. ఊరి వస్తువులన్నీ అప్పటికే మంగళగౌరివి గనక మా విధానం నూటికి నూరుపాళ్లు నెగ్గినట్టయింది. ఒక్క వ్యర్థమూ లేని పట్టణంగా మా ఊరిని ఎంపిక చేసి, రాజధానిలో విఠలేశ్వర్ గారికి శాలువ కప్పి, అరచేయంత మందాన ప్లాస్టిక్ కవరు చుట్టిన జ్ఞాపిక ఇచ్చారు. అది ఇప్పటికీ ఆయన ముందుగదిలో అద్దాల బీరువాలో ఉంది. పక్షాలు ఎన్ని గడిచాయో గానీ ముందుకు కదల్లేదు. పెరుమాళ్లు మళ్లీ దోమల పనికి వెళ్లాడు. అక్కడ గ్రహీత పేరు అడిగే పని లేదని అతనికి హాయిగా ఉంది.

ఏడాది తిరిగి మళ్లీ శ్రావణం వచ్చింది. విధానం పుస్తకాలు అచ్చువేసినవి కార్యాలయంలో గుట్టలుగా మిగిలిపోతే పాత కాగితాలు కొనేవాడు తెచ్చి నా కొట్టులో వేశాడు. మంచి మందపు కాగితం. శనగలు కట్టడానికి బాగుంది. నేను చూసినంతలో ఆ విధానం ఒకరికి ఉపయోగపడడం అదే మొదటిసారి.

మొదటి మంగళవారం ఈశ్వరి శనగలకు వచ్చింది. ఇప్పుడు చీర కుచ్చిళ్లు పైకే ఉన్నాయి. చంకలో నెలల బిడ్డ. మెట్టెలు నేల మీద టిక్కుటిక్కుమంటున్నాయి.

"బాబాయిగారూ, అరిగిపోయాయండీ ఇవి. అంచులు చూడండి, నున్నగా అయ్యాయి" అని పాదం కాస్త ముందుకు పెట్టింది. మెట్టె పక్కకి జరిగిన చోట, వేలి చుట్టూ తెల్లగా అచ్చు పడి ఉంది.

నేను పొట్లం కట్టడం ఆపి ఆ అచ్చు చూశాను. లోపల గదిలో ఉన్న సీతారావమ్మను పిలిచి చూపించాను. ఆవిడ చూసి, దేవుడి దగ్గర మిగిలిన అక్షింతలు తెచ్చి ఆ పిల్ల నెత్తిన వేసింది.

"హైమకు ఫోను చేయండి. దాని నోము నిండిందని చెప్పండి" అంది నాతో.